తొవ్వ ముచ్చట

బస్సు కల్లూరు దాటి చాలాసేపయింది గానీ నాగలక్ష్మి ఇంకా క్లాసులోనే ఉంది. బోర్డు మీద రాసిన నాలుగు మాటలు కళ్ళముందు నుంచి కదలడం లేదు. స్వగతం, ప్రకాశం, జనాంతికం, ఆకాశభాషితం. ఇంటర్ పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇది తప్పకుండా వస్తుంది, మార్కులు చేతిలో పెట్టినట్టే అని ఊరించి మరీ పాఠం మొదలుపెట్టింది. పాత్ర తనలో తాను అనుకునేది స్వగతం, అందరికీ వినపడేలా పైకి అనేది ప్రకాశం. తనలో తాను అనుకుంటే చివరి బెంచీ దాకా ఎట్ల వినపడుతది మేడమ్ అని వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. నాటకమంటే అదేనమ్మా, కూర్చో అంది నాగలక్ష్మి, ఏళ్ళ తరబడి అదే జవాబుతో గడుపుకొస్తున్న ధీమాతో. పక్కవాళ్ళకు తెలియకుండా ఒక్కరితోనే చెప్పే జనాంతికం ముగిసేసరికి అటెండరు తలుపు దగ్గర నిలబడి, మేడమ్ మీకు ఫోను, ఆఫీసుకు చేశారు అన్నాడు. సెల్లు ఉండగా ఆఫీసుకు చేశారంటేనే ఆమె సుద్దముక్క బల్ల మీద పడేసి నడిచింది. అవతల వీరబాబు. పెద్దమ్మ సైదమ్మ కొడుకు, తనకన్నా చిన్నవాడు. ఫోనులో ఎప్పుడూ పొలం గట్టు మీద నుంచి కేకేసినట్టు మాట్లాడేవాడు, ఆ పూట మెల్లగా మాట్లాడాడు.

"అక్కా, అమ్మ పోయింది. తెల్లారి లేపితే లేవలే. ఎండ ముదరకముందే తీస్కపోదామంటున్నరు పెద్దమనుషులు. నువ్వొచ్చేదాకా ఆగమన్న. ఈడ ఎవలు నోరు తెరుస్తలేరక్కా. నువ్వే రావాలె."

ఎవలు నోరు తెరుస్తలేరు. ఆ మాటకు అర్థం ఆ ఊరివాళ్ళకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. దమ్మపేటకు అవతల, అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో మనిషి పోతే మొదటి గొంతు ఆడబిడ్డది కావాలి. కూతురో, కూతురి వరసైనదో వచ్చి పోయినవాళ్ళ పక్కన కూర్చుని, వరసపెట్టి పిలిచి, నువ్వు పోయినవు అని చెప్పాలి. అట్లా ఎవరో ఒకరు చెప్పేదాకా పోయినవాళ్ళకు పోయినట్టు తెలియదట. పాపం, పొయ్యి మీద ఎసరు పెట్టాలని, మేకలను విప్పాలని ఇంటి చుట్టే తిరుగుతుంటారట. మొదటి గొంతు లేచాకనే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు, ఆ తరువాతే డప్పు, ఆ తరువాతే పాడె. ఆడబిడ్డ లేని ఇంట్లో సైదమ్మే ఆడబిడ్డ. ఎవరు పోయినా చేతిలో పని చేతిలో వదిలి వెళ్ళి, తల్లీ అనో తండ్రీ అనో వరస కలుపుకుని పక్కన కూర్చునేది. అట్లా ఊరందరికీ కూతురైన మనిషికి సొంత కూతురు లేదు. ఉన్నది చెల్లెలి కూతురు ఒక్కతే. ఆ ఒక్కతీ కల్లూరులో తెలుగు లెక్చరరు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మాట్లాడి జీతం తీసుకుంటుంది, ఇంటి మనిషి పోతే మాత్రం దానికి నోరు పెగలదు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. నాగలక్ష్మికి ఇంకా బాగా తెలుసు. అందుకే సీటు ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, బస్సు మెల్లగా పోతే బాగుండునని ఒకసారి, రెక్కలు కట్టుకుని పోతే బాగుండునని ఒకసారి అనుకుంటూ.

కిటికీ పక్క సీటే దొరికింది. ఆమె కాళ్ళ దగ్గర ఒక గంప, గంప మీద పాత చీర ముక్క, చీర ముక్క కింద కోడి. గంప తాలూకు ముసలామె పక్కన కూర్చుని, కాలు తగిలితే పొడుస్తది చూసుకో అమ్మా అని ముందే హెచ్చరించింది. పొడవలేదు గానీ, రోడ్డు మీద గుంటల్లో బస్సు ఎగిరెగిరి పడుతుంటే కోడి ఒక్కసారిగా గొంతెత్తి బస్సంతా దద్దరిల్లేలా అరిచింది. ముసలామె గుడ్డ తీసి చేయి పెట్టి, వెచ్చని గుడ్డు ఒకటి బయటికి తీసింది. కండక్టరు వచ్చి ఆ గుడ్డును పరీక్షగా చూసి, ఎక్కేటప్పుడు ఇద్దరు, ఇప్పుడు ముగ్గురు, దీనికి టికెట్టు కొట్టాలా వద్దా అని నలుగురినీ అడిగాడు. బస్సంతా నవ్వింది. నాగలక్ష్మి కూడా నవ్వింది. ఇది పెద్దమ్మకు చెప్పాలి అనుకుంది. ఆ అనుకోవడం పూర్తయిన తరువాత గుర్తొచ్చింది. నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, దాన్ని ఎట్లా తీసేయాలో తెలియక కిటికీ వైపు తిరిగింది. బయట మిరప కల్లాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటు లోపలికి కొట్టింది, ఎవరో తుమ్మారు. కళ్ళలో నీళ్ళు తిరిగితే మిరప ఘాటే అనుకుంటారులే అని ధైర్యం వచ్చింది, తీరా నీళ్ళు రాలేదు.

బయలుదేరేటప్పుడు వెంకటనారాయణకు ఫోను చేసింది. ఆమె భర్త, కరెంటాఫీసు యూనియన్ నాయకుడు. మంచివాడే. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పడానికి కూడా నేపథ్యం, పరిస్థితి, కర్తవ్యం అని మూడు భాగాలు చేసుకునే మనిషి. మైకు ముందు నిలబడి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను అన్నాడంటే జనం కుర్చీల్లో వెనక్కి వాలి సర్దుకుంటారు, ఆ రెండు ముక్కలు ఎంత పొడవుంటాయో అందరికీ అనుభవమే. ఆయన మాట్లాడితే అది ఉపన్యాసం. అదే నాగలక్ష్మి సాయంత్రం కాలేజీ సంగతి ఏదైనా మొదలుపెడితే, అబ్బా, సోది ఆపు, విషయం చెప్పు అంటాడు. పెద్దమ్మ పోయిందంటే నిజంగానే బాధపడ్డాడు, ఆ ఇంట్లో కడుపునిండా తిన్నవాడు. మీటింగు చూసుకుని సాయంత్రానికి వస్తానన్నాడు. అక్కడ నేను మాట్లాడాలి, నావల్ల కాదేమో అని ఆమె అంటే, దానికేముంది, ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఒక నిమిషం మౌనం పాటించమను అన్నాడు. మౌనం పాటించడానికి నా అంతటివాళ్ళు ఎవరూ లేరులే అనుకుంది ఆమె, ఆ మాట ఆయనతో అనలేదు. అదీ స్వగతమే మరి. పక్కనున్న పాత్రకు వినపడదు.

ఎన్ని మాటలున్నాయో అనుకుంది. ఒక్క మనిషి ఆపకుండా మాట్లాడితే దానికి పెట్టిన పేర్లు లెక్కపెడదామంటే క్లాసు గంట చాలదు. ఉపన్యాసం, ప్రసంగం, ప్రవచనం, హరికథ, దండకం, ఏకపాత్ర. అన్నీ ఒకప్పుడు గౌరవంగా పుట్టినవే. సోది మాత్రం తక్కువదా. ముందుకాలంలో సోది చెప్పే ఆమె గుమ్మంలోకి వస్తే చాపవేసి కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి, పోయిన పెద్దలు ఆమె నోటివెంట మాట్లాడుతుంటే కళ్ళు తుడుచుకుంటూ వినేవాళ్ళు. ఇప్పుడు సోది అంటే నోరు మూసుకోమని. దండకం చదవకు, హరికథలు చెప్పకు, పురాణం విప్పకు, ఉపన్యాసాలు ఇవ్వకు. మనవాళ్ళకు వినడం మీద విసుగు పుట్టిన నాడల్లా ఒక మంచి మాటను తిట్టుగా మార్చేసుకున్నట్టుంది. చివరికి పెద్దమ్మ చేసేదానికి కూడా ఆ గతి తప్పలేదు. ఊళ్ళో అందరూ దాన్ని శోకం తీయడం అంటారు, చిన్నపిల్ల గట్టిగా ఏడిస్తే ఏందే ఆ శోకాలు అని కసురుతారు. సైదమ్మ మాత్రం ఆ మాట ఎన్నడూ వాడలేదు. ఫలానా ఆయన పోయిండంట, పోయి ముచ్చట చెప్పొస్త అనేది, బతికున్న మనిషి ఇంటికి పొద్దుపోక వెళ్ళొస్తానన్నట్టు. వెళ్ళేటప్పుడు కొంగులో గుప్పెడు బియ్యం ముడివేసుకునేది, దారిలో ఒక్క చుట్ట కాల్చుకునేది, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టేసరికి గొంతు మారిపోయేది.

ఆ గొంతు. చిన్నప్పుడు నాగలక్ష్మి తల్లి గంగక్క కొంగు పట్టుకుని వెనకనుంచి వినేది. అందరు ఆడవాళ్ళూ ఏడుస్తారు, పెద్దమ్మ ముందు మాట్లాడేది. ఎవరెవరు వచ్చారో చెప్పేది, ఎవరు రాలేదో చెప్పేది, రాత్రి ఏం వండారో, ఎవరూ ముట్టక అది ఎట్లా మిగిలిపోయిందో చెప్పేది. అవ్వా, నీ బర్రె పొద్దున పాలియ్యలే, నీ చెయ్యి కావాల్నంట అనేది. అట్లా చెబుతూ చెబుతూ మాట చివర కొంచెం సాగేది, ఇంకో మాటకు ఇంకొంచెం సాగేది, ఎక్కడ మాట ఆగి ఎక్కడ రాగం మొదలైందో పట్టుకుందామంటే చిక్కేది కాదు. అప్పుడు ఆడవాళ్ళంతా ఊఁ అనేవాళ్ళు. కథ వినేటప్పుడు ఊకొట్టినట్టే. ఆ ఊకొట్టడం పెరిగి పెరిగి ఏడుపయ్యేది. పొగడ్తలు తక్కువ ఉండేవి అందులో. పెద్దరైతు వెంకటరామారావు గారు పోయినప్పుడు అదే పెద్ద గొడవయింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, చేతిరుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా నిలబడే మనుషులు. ఆయన పొలంలో నాట్లేసిన హక్కుతో సైదమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. అయ్యా, ఎండకాలం మా బిందెలను మోటరు కాడికి రానియ్యకపోతివి అని మొదలుపెట్టింది. కొడుకు అనిల్‌కుమార్ ముఖం ఎర్రబడి ఆపమన్నట్టు ముందుకు వచ్చాడు. ఆ రాత్రి నీకు నిద్ర పట్టకపాయె, తెల్లారి పైపేసి మా వాడకే నీళ్ళు పంపితివి, ఇప్పుడు ఆ నీళ్ళు తాగే వచ్చిన అయ్యా అని ఆమె అనేసరికి, అంతవరకు గోడకు ఆనుకుని నిలబడ్డ ఆయన భార్య ప్రమీలారాణి నేల మీద కూలబడి, రుమాలు పారేసి, గొంతు విప్పి ఏడ్చింది. చెప్పనీరా, అడ్డం రాకు అంది కొడుకుతో. తరువాత చాలా రోజులకు సైదమ్మను పిలిపించుకుని, ఆయనకు చెప్పాల్సినవి ఇంకా ఏమన్నా మిగిలిపోయాయా అని అడిగిందట.

సత్తుపల్లి బస్టాండులో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. టీకి దిగిన డ్రైవరు తిరిగి ఎక్కేదాకా ప్రయాణికుల ప్రాణం ఆయన గ్లాసులోనే ఉంటుంది, నాగలక్ష్మిది ఆ పూట మరీ. పెద్దమనుషులు ఎండను చూస్తుంటారు. వీరబాబు దారి చూస్తుంటాడు. కోడి ముసలామె దిగుతూ, ఆ గుడ్డును ఏమనుకుందో ఏమో, ముఖం గుంజుకపోయి ఉన్నవు, తినమ్మా అని నాగలక్ష్మి చేతిలో పెట్టి పోయింది. పచ్చి గుడ్డు ఎట్లా తింటారు, వద్దని ఎట్లా అంటారు. అది అరచేతిలో ఇంకా వెచ్చగానే ఉంది. బొగ్గు లారీలు వరసగా పోతుంటే రోడ్డు పక్క ఇస్త్రీ బండివాడు తెల్లచొక్కాలను గుడ్డ కప్పి దాస్తున్నాడు, ఒక్క లారీ పోగానే తీసి రుద్దుతున్నాడు, మళ్ళీ లారీ రాగానే కప్పుతున్నాడు. ఎప్పటికి పూర్తవుతుంది ఆ చొక్కా. ఇదీ చెప్పాలి అనుకుంది, ఈసారి అనుకుంటూ ఉండగానే గుర్తొచ్చింది. ఇట్లా ఏరుకోవడం ఆమెకు అలవాటు. అలవాటు చేసింది పెద్దమ్మే. ఎప్పుడు ఆ ఊరు వెళ్ళినా, కాళ్ళు కడుక్కోకముందే, మంచినీళ్ళ చెంబు చేతికిస్తూ మొట్టమొదట అడిగే మాట అది: తొవ్వల ఏం జూసినవ్ బిడ్డా? ఏం లేదు పెద్దమ్మా అంటే ఊరుకునేది కాదు. కండ్లు మూసుకోని వచ్చినవా అనేది. అందుకని బస్సెక్కింది మొదలు ఏదో ఒకటి చూసి మూట కట్టుకుని వెళ్ళేది. సైదమ్మ దమ్మపేట సంత దాటి ఎక్కువ దూరం ఎన్నడూ పోలేదు. కల్లూరు, ఖమ్మం, ముదిగొండ, అన్నీ నాగలక్ష్మి కళ్ళతోనే చూసింది.

ఒకసారి టేప్ రికార్డరు పట్టుకెళ్ళింది. యూనివర్సిటీలో సారు స్త్రీల శోకాల మీద పని చెయ్యమన్నారు, ఇంట్లోనే పంట ఉండగా ఊరెందుకు తిరగడం అనుకుని నాగలక్ష్మి సంబరంగా బయలుదేరింది. సైదమ్మ అప్పుడు వాకిట్లో జమ్లితో కలిసి బీడీల తునికాకు కట్టలు కడుతోంది. జమ్లి పక్క తండా ఆమె, నాట్లకైనా ఆకుకైనా ఇద్దరూ ఒక్క జట్టు. ఒక శోకం చెప్పు పెద్దమ్మా, ఇందులో పడుతుంది అంటే ఆమె చేతిలో కట్ట కింద పెట్టి, ఎవలు సచ్చిన్రే అంది కంగారుగా. ఎవరూ చావలేదు, ఊరికే అంది నాగలక్ష్మి. సైదమ్మ ఒకసారి జమ్లి ముఖం చూసి ఇటు తిరిగింది.

"ఊరికే ఎవల్ని పిలువాలె బిడ్డా? పిలిచినంక వాళ్ళు రాకపోతె ఒక బాధ. వస్తె ఇంకో బాధ. ఒక్కదాన్నే కూసోని నాలోన నేను మాట్లాడుకుంటన్ననుకున్నవా? ఆడ పండుకున్నామె ఇంటది. ఇననీకి మనిషి ఉంటెనే నాకు నోరొస్తది."

సారుకు ఈ మాట చెబితే, ఇన్‌ఫార్మెంట్ సహకరించలేదు అని రాసుకోమన్నారు. నాగలక్ష్మి ఆ పని వదిలేసి పత్రికల మీద ఏదో రాసి డిగ్రీ తెచ్చుకుంది. సంచిలో పెట్టిన టేప్ రికార్డరులో ఆ రోజు పడింది ఒక్కటే, నాగలక్ష్మి కల్లూరు సంగతులు చెబుతుంటే సైదమ్మ ఊఁ, ఊఁ అనడం. ఆ క్యాసెట్ మీద తరువాత ఎవరో సినిమా పాటలు ఎక్కించారు.

బస్సు మళ్ళీ కదిలింది. సత్తుపల్లి దాటాక పామాయిల్ తోటలు మొదలయ్యాయి, ఎండ రోడ్డు మీదికి గళ్ళుగళ్ళుగా పడుతోంది. ఆ గళ్ళలో నుంచి, వద్దనుకున్నదే వచ్చింది, అమ్మ పోయిన రోజు. గంగక్క పోయింది జ్వరంతో, వానల్లో. ఆ రోజు మొదటి గొంతు నాగలక్ష్మిదే కావాలి, సొంత కూతురు, ఎవరూ అడ్డురారు. పక్కన కూర్చుంది. అందరూ ఎదురుచూశారు. అమ్మా అంది. తరువాత నోటివెంట వచ్చిన మాట ఏమిటో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది. మా అమ్మగారు ఎన్నో కష్టనష్టాలకోర్చి అని వచ్చింది. అచ్చం కాలేజీలో సంతాప సభ పెట్టినట్టు. ఏళ్ళ తరబడి పుస్తకం భాష మాట్లాడిన నోరు, ఏడవబోతే కూడా వ్యాసమే మొదలుపెట్టింది. ఆడవాళ్ళు తలెత్తి చూశారు, ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. తన గొంతు తనకే పరాయిగా వినిపించి నాగలక్ష్మి ఠక్కున నోరు మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. వాన చూరు నుంచి కారుతూనే ఉంది. అప్పుడు సైదమ్మ వచ్చి ఆమె భుజం చుట్టూ చేయి వేసి, చెల్లెలి ముఖంలోకి వంగి, అమ్మా, నేను నీ నాగలచ్చిమిని అంది. నాకు గొంతు పట్టుకున్నదే అమ్మా, పెద్దమ్మ నోటితోటి చెప్తున్న ఇను అంది. చెల్లెలు పోతే అక్కగా ఏడవాల్సిన మనిషి, ఆ దుఃఖం పక్కనపెట్టి, చెల్లెలికి కూతురై ఏడ్చింది. నాగలక్ష్మి చిన్నప్పటి జ్వరాలు, పలకలు, హాస్టలుకు మోసిన పచ్చడి జాడీలు, అన్నీ నేను నేను అంటూ చెప్పింది. నాగలక్ష్మి పక్కన కూర్చుని తన మాటలన్నీ ఇంకొకరి నోట విన్నది. ఊఁ అని కూడా అనలేకపోయింది. అంత ప్రేమ ఎవరు చేస్తారు, ఆ ప్రేమకు ఎదురుగా ఇప్పుడు ఏం పట్టుకుని వెళుతోంది తను. ఒక పచ్చిగుడ్డు.

పామాయిల్ అయిపోయి జామాయిల్ తోటలు, అవి అయిపోయి అడవి. ఆకులు రాలిన కొమ్మల మీద మోదుగులు నిండా పూసి ఉన్నాయి. ఒక చోట ఇప్పచెట్టు కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది, పూలు రాలితే మట్టి అంటకుండా ఏరుకోవడానికి. ఎవరు ఊడ్చారో, పొద్దున ఎన్ని గంటలకు లేచారో. నాగలక్ష్మి మనసులోనే సాధన చేద్దామనుకుంది. పెద్దమ్మా, నీవు లేని లోటు. ఛీ. పెద్దమ్మా, నిన్ను మరువలేము. అది గోడ మీద ఫ్లెక్సీ. పెద్దమ్మా, ఊరందరికీ దిక్కయినదానివి. అది ఉపన్యాసం, వెంకటనారాయణ గొంతుతో. ఆకాశభాషితం అని ఒకటుంది కదా, రంగం మీద లేని మనిషిని ఉన్నట్టు ఊహించుకుని, ఏమంటున్నావు అని అడిగి, జవాబు కూడా తానే చెప్పుకోవడం. పిల్లలకు ఆ ఒక్కటే చెప్పకుండా వచ్చింది. నిర్వచనం నోటికి వచ్చు, ఉదాహరణతో సహా వచ్చు. వస్తే ఏం లాభం. పెద్దమ్మా అని మనసులో పిలిస్తే జవాబు రావడం లేదు, చెంబు చేతికిచ్చే చేయి మాత్రం కనిపిస్తోంది, ఆ చేతి వేళ్ళ సందుల్లో తునికాకు పసరు. దమ్మపేట, దమ్మపేట, దిగేవాళ్ళు ముందుకు రావాలి అని కండక్టరు అరిచాడు.

ఆటో దారంతా ఆమె ఏమీ అనుకోలేదు. ఊరి మొగదలలో దిగగానే అర్థమైంది, నిశ్శబ్దంగా ఉంది. మనిషి పోయిన ఊరు అట్లా ఉండదు. డప్పులవాళ్ళు వేపచెట్టు నీడన డప్పులు మంటకు కాచుకుని ఊరికే కూర్చున్నారు. పెద్దమనుషులు ఎండను చూసి, ఆమెను చూసి పక్కకు జరిగారు. వీరబాబు ఎదురొచ్చి చేతిలో సంచి అందుకున్నాడు, కళ్ళు వాచి ఉన్నాయి. వాకిట్లో చాప మీద సైదమ్మ, తల దగ్గర దీపం. గడ్డం కిందినుంచి గుడ్డ కట్టారు, ఊళ్ళో అందరికోసం తెరుచుకున్న నోటికి. చుట్టూ ఆడవాళ్ళు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని. తలవైపు జమ్లి కూర్చుని ఈగలు వాలకుండా తాటాకు విసురుతోంది. నాగలక్ష్మి చెప్పులు విడిచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఎప్పుడు వచ్చినా కూర్చునే చోటే అది.

కూర్చుంది. నోరు పెగల్లేదు. అందరూ ఎదురుచూస్తున్నారు, అమ్మ పోయిన రోజులాగానే. ఆమె కూడా దేనికోసమో ఎదురుచూస్తోంది. దేనికోసమో తనకే తెలియలేదు కాసేపు. దీపం వత్తి చిటపటలాడింది, జమ్లి ఆకు ఆగి మళ్ళీ కదిలింది. అప్పుడు తెలిసింది. ఇక్కడ కూర్చోగానే వచ్చే మాట ఒకటి ఇంకా రాలేదు. ఆ మాట వస్తే తను మొదలుపెట్టవచ్చు, ఎన్నేళ్ళుగానో అదే కదా వరస. ఆ మాట ఇక రాదు. అడిగే మనిషి అడగకుండా పడుకుంది, అడిగినట్టే అనుకుని చెప్పక తప్పదు. అరచేయి విప్పి చూసుకుంది, గుడ్డు పగలకుండా వచ్చింది.

"పెద్దమ్మా," అంది. "నేనొచ్చిన. బస్సుల కిటికి పక్క సీటే దొరికింది. కాళ్ళకాడ గంపల కోడి గుడ్డు వెట్టింది పెద్దమ్మా. కండక్టరు దానికి టికెట్ గొట్టాల్నా వద్దా అన్నడు."

అది శోకం కాదు, ఏడుపు అంతకన్నా కాదు, మామూలుగా మాట్లాడింది. ఆడవాళ్ళు తలలెత్తారు. గుడ్డును సైదమ్మ చేతి పక్కన చాప మీద పెట్టింది.

"ఊఁ," అంది జమ్లి.

ఆ ఒక్క శబ్దానికి నాగలక్ష్మి గుండె కట్ట తెగింది. "కల్లాలల్ల మిరపకాయ ఆరబోసిన్రు పెద్దమ్మా. ఘాటుకు కండ్ల నీళ్ళొస్తయనుకున్న, రాలే. నువ్వడుగుతవని అన్ని జూసుకుంట వచ్చిన. నువ్వు అడగకపోతివి." మాట చివర కొంచెం సాగింది. "నీకు తెల్వదేమో పెద్దమ్మా. వీరబాబు ఫోను జేసి చెప్పిండు. నువ్వు పోయినవంట పెద్దమ్మా. నువ్వు పోయినవంట."

ఆ మాట దగ్గర గొంతు తనంతట తానే పైకి లేచింది, ఎవరు నేర్పిన రాగమో, చిన్నప్పుడు అమ్మ కొంగు వెనక నిలబడి విన్నదే అయి ఉంటుంది. ఊఁ అన్నారు ఆడవాళ్ళు. ఒకరు ముందుకు జరిగారు, ఇంకొకరు ఆమె మెడ చుట్టూ చేయి వేశారు, ఊకొట్టడం పెరిగి పెరిగి వాకిలి నిండిపోయింది. వీరబాబు గుంజకు తల ఆనించి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాగలక్ష్మికి ఎవరూ కనపడలేదు, పెద్దమ్మ ముఖం ఒక్కటే కనపడుతోంది, ఆ ముఖం వింటోంది. అమ్మ పోయినప్పుడు చెప్పనివి కూడా వస్తున్నాయి, వాటి మధ్య గుంటల రోడ్డు, పరీక్షలు, మిరప కల్లాలు అన్నీ కలిసిపోతున్నాయి. పెద్దమనుషుల్లో ఒకాయన వచ్చి, ఎండ ముదిరింది, ఇక లేపుదామా అని మెల్లగా అడిగాడు.

"ఆగుండ్రి," అన్నాడు వీరబాబు. "అక్క చెప్తున్నది."

డప్పులవాళ్ళు వాకిలి బయట వచ్చి నిలబడ్డారు. ముచ్చట ఇంకా సత్తుపల్లి కూడా దాటలేదు.